ఊదారంగు లైటు వెంట అద్దంకి దాకా

గుంటూరు నుంచి అద్దంకి వైపు వెళ్ళాలనుకునేవాళ్ళు మాఘమాసంలో వెళ్ళాలి. ఏటుకూరు దాటిన దగ్గర్నుంచి రోడ్డుకు రెండు వైపులా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. ఆ ఎరుపు చూసి మా బావమరిది ఒకసారి సిగ్నల్ పడిందనుకుని మూడు రోజులు స్కూటర్ ఆపుకుని నిలబడ్డాడు. నాలుగో రోజు కాయలు గోతాల్లోకెత్తాక గానీ కదల్లేదు.

బావమరిది సంగతి మీ ఇష్టం, నమ్మినా సరే, మానినా సరే. ఇక్కణ్ణుంచి రాసేది మాత్రం నేను ఈ మాఘంలో రెండు రోజులు తిరిగి చూసింది.

బ్రాడీపేట

నాది మైకు పని. ఆటో మీద రెండు స్పీకర్లు కట్టుకుని చీరల ఎగ్జిబిషన్లకూ, ఓట్లకూ, తప్పిపోయిన గేదెలకూ ప్రచారం చేస్తాను. మస్తాన్రావు అంటే మా వీధిలోనే తెలియదు గానీ, మైకు మస్తాన్రావంటే అరండల్‌పేట దాకా తెలుసు. ఒక పొద్దున ఇడ్లీ బండి దగ్గర నిలబడి తింటుంటే ఒకావిడ వచ్చి, "మైకు ఆయన మీరేనాండి?" అనడిగింది.

పేరు నస్రీన్. వయసు నలభై లోపే. విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతూ పరిశోధన చేస్తుంది. చేలో పురుగుమందు కొట్టే మనిషి ఒంట్లోకి ఆ మందు ఎలా, ఎటు నుంచి వెళుతుందన్నది ఆవిడ పరిశోధన. ఈ ఒక్క ముక్క నాకు అర్థమయ్యేలా చెప్పడానికి ఆవిడకు రెండు ప్లేట్ల ఇడ్లీ తినేంత సేపు పట్టింది. ఆ రెండు ప్లేట్లూ నేనే తిన్నాను.

"ఇన్నేళ్ళు ఎవరి కోసం చేశానో వాళ్ళకి చేరట్లేదండి," అంది. "పోయిన నెల మూడు ఊళ్ళు తిరిగాను. మొదటి ఊళ్ళో ముందు వరసలో పెద్దాయన నిద్రపోయాడు. రెండో ఊళ్ళో ముందు వరసే లేదు."

"మూడో ఊళ్ళో?"

"నాకే నిద్రొచ్చింది."

ఆ మాటకు నేను పడిపోయాను. జనాన్ని పోగేసి పది నిమిషాలు నవ్వించడం నా పని, తర్వాతది ఆవిడ పని. ప్రయాణం ఆవిడ వ్యాన్‌లో. నడిపేది కూడా ఆవిడే.

ఆవిడ చూపించేది ఏమిటంటే, పురుగుమందు బదులు ఒక పొడి నీళ్ళలో కలుపుతుంది. బట్టలు తళతళలాడటానికి సబ్బుల్లో వేస్తారే, అలాంటిది. ఒంటికి హాని లేదు. ఆ నీళ్ళు పంపులో పోసి, ఆ ఊళ్ళో రోజూ మందు కొట్టే మనిషి చేతే చేలో కొట్టిస్తుంది. తర్వాత అతన్ని చీకటి గదిలో నిలబెట్టి ఊదారంగు లైటు వేస్తుంది. మామూలు కంటికి ఆనని చుక్కలన్నీ అప్పుడు నీలంగా వెలుగుతాయి. నిజం మందయితే ఒంటి మీద ఎక్కడెక్కడ పడేదో ఎవరికి వాళ్ళు చూసుకోవచ్చు.

ప్రత్తిపాడు దాటాక

మొదటి ఊరు పత్తి ఊరు. చివరి తీత అయిపోయి, మోళ్ళకు అక్కడక్కడ తెల్లగా దూది అంటుకుని ఉంది. నేను మైకులో, మా గుంటూరులో ఒకాయన ఘాటు కాయ కొరికి తుమ్మితే మిర్చి యార్డు గేటు ఊడి కొత్తపేటలో పడిందనీ, గేటుతో పాటు వాచ్‌మన్ కూడా వెళ్ళి అక్కడే కాపురం పెట్టాడనీ చెప్పాను. నవ్వారు గానీ, అరుగుల మీద నుంచి ఎవరూ లేవలేదు. అప్పుడు నోటికొచ్చింది అనేశాను.

"అమ్మలారా, అయ్యలారా. ఈ మేడం గారి దగ్గర ఒక ఊదా లైటుంది. అబద్ధమాడిన నోటి మీద వేస్తే పెదాలు నీలంగా వెలుగుతాయి. మొగుళ్ళని తీసుకురండి."

బడి గది పట్టలేదు. చీకటి కోసం కిటికీలకు కట్టిన గోతాలు మిరపకాయలవి. గదిలో ఉన్న ఎనభై మందీ తుమ్ముతూనే ఉన్నారు. లైటు వేసేసరికి పంపు కొట్టిన కుర్రాడి ఛాతీ, మెడ, రెండు చేతులూ, లుంగీ తడిసిన చోటల్లా తొడలూ నీలంగా వెలిగాయి. తుమ్ములు ఆగిపోయాయి. ఒక ముసలమ్మ దగ్గరికొచ్చి కుర్రాడి అరచేయి తిప్పి చూసింది. "ఈ చేత్తోనే గదరా వచ్చీరాగానే పిల్లదాన్ని ఎత్తుకుంటావు," అంది. అతను చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. ఆ వేళ పెదాలు మాత్రం వెలగలేదు, అదృష్టం.

ఆ ముసలమ్మ ఇంట్లోనే భోజనం పెట్టారు. పండుమిరపకాయ పచ్చడి, ముద్దపప్పు, నెయ్యి. మా గుంటూరు హోటళ్ళలో పచ్చడి వడ్డించేవాడు నీ మొహం చూసి వేస్తాడు, అక్కడ నీ మొహం చూడకుండా వేస్తారు. నేను ఏడుస్తూ తిన్నాను. నస్రీన్ గారు ఏడవకుండా తింది. ఆవిడది నరసరావుపేట.

తిరిగి వ్యాన్ ఎక్కాక అంది. "నవ్వించండి. గేట్లు ఊడగొట్టండి. లైటు గురించి మాత్రం ఒక్క ముక్క కూడా వద్దండీ, మస్తాన్రావు గారూ."

"జనం వచ్చారు కదండీ."

"వచ్చారు. పోయేటప్పుడు ఒకాయన నన్నేమడిగాడో తెలుసా? ఈ లైటు కోర్టుల్లో ఎందుకు వాడటం లేదని."

ఇంక అననని మాటిచ్చాను.

మార్టూరు

రెండో రోజు మార్టూరులో టిఫిను. చుట్టూ రాయి కోసి నునుపు చేసే యూనిట్లు. రాతి దుమ్ముకు రోడ్డు పక్క చెట్ల ఆకులు తెల్లగా ఉంటాయి. హోటల్లో ప్లేటు మీద వేలితో మన పేరు రాసుకోవచ్చు. దోసె నలభై రూపాయలు, మా దగ్గర కంటే పది తక్కువ, చట్నీ రెండోసారి అడిగితే గుంటూరులో లాగా పైనుంచి కిందకి చూడరు. హోటలాయనతో నేను రాతి మీద రాసే కవినని చెప్పుకున్నాను. "బరువు కాదాండి?" అనడిగాడు పాపం.

పక్క బల్ల మీద పాలిష్ పని చేసే ఒకతను మా వ్యాన్ సంగతి ఆరా తీసి, నస్రీన్ గారి దగ్గరికొచ్చాడు.

"మేడం, ఈ దుమ్ము నా ఊపిరితిత్తుల్లో ఎంతుందో మీ లైటుకి కనపడుద్దా?"

"కనపడదండి."

"పోనీ మీకు తెలుసుద్దిగా. దగ్గొస్తంది ఆర్నెల్ల బట్టి."

"నాకు తెలీదండి. నేను చదివింది అది కాదు. తెలిసినవాళ్ళని అడిగి మీకు ఫోన్ చేస్తాను, నంబరివ్వండి."

అతను నంబరిచ్చాడు గానీ మొహం వాడిపోయింది. వ్యాన్ ఎక్కాక, "ఏమీ లేదులే నాయనా, తగ్గిపోతుందిలే అనొచ్చు కదండీ, ఏం పోయింది?" అన్నాను. "తగ్గకపోతే?" అంది. నేను మాట్లాడకుండా అద్దంకి దాకా వెళ్ళడం అదే మొదలు.

పేరు రాయని ఊరు

అద్దంకి దాటాక ఆ ఊరు. పేరు ఎందుకు రాయనో చదివితే తెలుస్తుంది. కాయ కోతల కాలం, ఆడకూలీకి గిరాకీ. పొద్దుటి కోతలు ముగించుకుని వస్తున్నవాళ్ళు చీరల మీద మగవాళ్ళ చొక్కాలు తొడుక్కుని, తలలకు తువ్వాళ్ళు చుట్టుకుని, అలిసిపోయి ఉన్నారు. గేటు కథ చెప్పాను. ఎవరూ ఆగలేదు. బావమరిది కథ చెప్పాను. ఒక కుక్క ఆగింది.

నస్రీన్ గారు బడి గదిలో గోతాలు కట్టించుకుంటోంది. నా మాట ఆవిడకు వినపడదు. ఇచ్చిన మాట గుర్తుంది. ఖాళీ వీధి కూడా కనపడుతోంది. మైకు పట్టుకున్నవాడికి ఖాళీ వీధిని మించిన అవమానం లేదు. చెప్పేశాను, మళ్ళీ అదే. అబద్ధమాడిన నోరు నీలంగా వెలుగుతుందని.

అరగంటలో ఊరంతా వచ్చింది.

పంపు కొట్టడానికి కోటయ్య అనే అతను ముందుకొచ్చాడు. ఊళ్ళో సగం చేలకు కూలికి మందు కొట్టేది అతనే. చొక్కా విప్పి చెట్టుకు తగిలించి, పంపు భుజాన వేసుకున్నాడు. రెండు సాళ్ళు కొట్టాడో లేదో, ధార ఆగిపోయింది. కోటయ్య ఏమీ ఆలోచించలేదు. గొట్టం చివర నాజిల్ విప్పి, నోట్లో పెట్టుకుని గట్టిగా ఊది, నలుసు ఉమ్మేసి, మళ్ళీ బిగించాడు. మనం కళ్ళజోడు తుడుచుకున్నట్టు. చుట్టూ ఉన్న మగవాళ్ళెవరికీ అది వింతగా లేదు. నస్రీన్ గారు ఒక్కతే అతని మొహం వంక చూస్తూ ఉండిపోయింది.

చీకటి గది

తలుపు మూసి లైటు వేసింది. కోటయ్య ఛాతీ వెలిగింది, చేతులు వెలిగాయి. లైటు పైకెత్తింది. పెదాలు, మూతి చుట్టూ, కొంచెం గడ్డం మీదా నీలంగా వెలిగాయి.

గది గదంతా ఒక్కసారి నవ్వింది.

"ఒరేయ్ కోటయ్యా, దొరికావురా."

"నిన్న నా చేలో నాలుగు ట్యాంకులు కొట్టానన్నావు, మూడేగదరా కొట్టింది?"

కోటయ్య కూడా నవ్వుతున్నాడు. నవ్వుతుంటే ఆ నీలం ఇంకా సాగింది. నస్రీన్ గారు ఏదో చెబుతోంది, నోటితో నాజిల్ ఊదితే ఏమవుతుందో. ఆవిడ మాట ఎవరికీ వినపడటం లేదు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. అప్పటిదాకా నాకూ నవ్వుగానే ఉంది.

వెనక నుంచి ఒకామె జనాన్ని నెట్టుకుంటూ వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. కోతల నుంచి నేరుగా వచ్చినట్టుంది, ఇంకా మగచొక్కా మీదే ఉంది. పేరు ఆదిలక్ష్మి అని తర్వాత తెలిసింది. కోటయ్య మొహం దగ్గరగా మొహం పెట్టి చూసింది.

"మేడమ్, ఇప్పుడు ఈయన నోరు వాసన చూస్తే మందు వాసన వస్తదా?"

"నిజం మందయితే వస్తుందమ్మా."

"తాగకపోయినా?"

"తాగకపోయినా."

ఆమె జనం వైపు తిరిగింది. "సాంబయ్య మామా, యాడున్నావు? ఇన్నావా ఆ మాట?"

నవ్వులు తగ్గాయి. సాంబయ్య అనే పెద్దాయన చీకట్లోంచే సమాధానం చెప్పాడు. నెమ్మదిగా చెప్పాడు, కోపం లేకుండా. "నేనే గదమ్మా మోసుకొచ్చింది శ్రీనుని చేలోంచి. నోరంతా మందు కంపు. తాగకపోతే నోట్లో కంపెందుకొస్తది?"

"ఇదిగో, ఇందుకు. ఈ నోరు చూడు."

"ఆ లైటు అబద్ధాలది గదమ్మా," అన్నాడు సాంబయ్య. "ఆ మైకాయనే చెప్పాడు."

ఆమె భర్త శ్రీను రెండేళ్ళ కిందట మిరపచేలో మందు కొడుతూ పడిపోయి చనిపోయాడు. కావాలనే పురుగుమందు తాగి చచ్చాడని ఊరు అనుకుంది. ఆస్పత్రిలో అడిగితే ఊరివాళ్ళు అదే చెప్పారు, వాళ్ళు చెప్పిందే అక్కడ రాసుకున్నారు. కూతుర్ని బడిలో మందు తాగినోడి కూతురంటారు. ఇదంతా నాకు అక్కడే, గోడ పక్కన నిలబడ్డ ఒకావిడ రెండు ముక్కల్లో చెప్పింది. చెప్పి, "అయినా భలే లైటండీ," అంది.

నా నోరు

నస్రీన్ గారు నా వైపు చూసింది. చీకట్లో మొహం కనపడలేదు. కనపడక్కర్లేదు.

నేను ముందుకెళ్ళి, "అయ్యా, లైటు గురించి నేను చెప్పింది అబద్ధం," అన్నాను.

జనం మళ్ళీ నవ్వారు. ఇంకో కథ మొదలైందనుకున్నారు. "నిజంగానే అబద్ధమండీ," అన్నాను. ఇంకా నవ్వారు. ముప్పై ఏళ్ళుగా మైకు పట్టుకుని నేను కోరుకున్న నవ్వు అది, అంత పెద్దది. ఆదిలక్ష్మి మాత్రం నవ్వడం లేదు. నా నోటి వంకే చూస్తోంది, కోటయ్య నోటిని చూసినట్టే.

ఏం చెయ్యాలో తోచక, "మేడం గారూ, లైటు నా మీద వేయండి," అన్నాను. తర్వాత జనంతో అన్నాను. "వచ్చినప్పట్నుంచి మీకు మూడు అబద్ధాలు చెప్పాను. యార్డు గేటు ఊడలేదు. నాకు బావమరిదే లేడు. మూడోది లైటు. ఈ లైటు అబద్ధాన్ని పట్టేదయితే ఈ గదిలో మొదట వెలగాల్సింది నా నోరు."

నోరు తెరిచి నిలబడ్డాను. ఆవిడ లైటు దగ్గరగా తెచ్చింది. సాంబయ్యను పిలిచి చూడమంది. ఆయన వంగి నా పెదాలు చూశాడు, నాలుక చూశాడు. పళ్ళు కొంచెం మసగ్గా తెల్లగా కనపడ్డాయిట, అవి ఎవరివైనా అంతేనని ఆవిడ చెప్పింది. నీలం చుక్క ఒక్కటి కూడా లేదు.

ఆవిడ లైటు కోటయ్య మీదకి తిప్పింది. వెలిగింది. నా మీదకి తిప్పింది. లేదు. మూడుసార్లు అలా చేసింది, ఏమీ మాట్లాడకుండా. మూడోసారికి గదిలో ఎవరూ నవ్వడం లేదు.

"నాజిల్ నేనూ అట్టాగే ఊదతా," అన్నాడెవరో.

"మనమందరం అట్టాగేగా," అన్నాడు ఇంకొకతను.

సాంబయ్య చాలాసేపు కోటయ్య నోటి దగ్గరే నిలబడ్డాడు. ఆఖరికి, "నేను నోరు ఒక్కటే చూశానమ్మాయ్," అన్నాడు. "చేతులు చూళ్ళేదు. ఒళ్ళు చూళ్ళేదు. కంపు వచ్చింది, తాగాడనుకున్నా. నలుగురికీ చెప్పా." చెప్పి తలుపు తీసుకుని బయటికెళ్ళిపోయాడు. ఆ వెలుగులో అందరూ కళ్ళు చికిలించుకుని ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

కథ ఇక్కడ ఆగితే బాగుండును. నేను మైకులో చెప్పేదయితే ఇక్కడే ఆపేవాణ్ణి.

ఆదిలక్ష్మి నస్రీన్ గారి చెయ్యి పట్టుకుంది. "అయితే మా ఆయన తాగలేదు గదమ్మా?"

నస్రీన్ గారు లైటు ఆపి పక్కన పెట్టింది. తర్వాత అంది. "తాగకుండానే అలా అయ్యుండొచ్చు. చర్మంలోంచీ, ఊపిరిలోంచీ, నోటిలోంచీ కూడా మందు లోపలికి పోతుంది. ఎండలో ఇంకా త్వరగా పోతుంది. ప్రాణాలు పోయినవాళ్ళున్నారు."

"అది కాదమ్మా. ఆయన."

"ఆయన సంగతి నేను చెప్పలేనమ్మా. ఆ రోజు పరీక్షలేవీ చెయ్యలేదు. ఇప్పుడు తెలుసుకునే దారి లేదు."

"ఒక్క మాట చెప్పండి. తాగాడా, లేదా?"

"తెలీదమ్మా," అంది నస్రీన్ గారు. ఆ చెయ్యి వదల్లేదు. ఆవిడ కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, గోతాల ఘాటు వల్ల కాదు. "నాకు తెలీదు. తెలిస్తే చెప్పేదాన్ని."

మజ్జిగ

ఆవిడ సామాను సర్దుతుంటే నేను ఆదిలక్ష్మి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను, క్షమించమని అడుగుదామని. రెండు గదుల ఇల్లు. కూతురు ఇంకా రాలేదు. మా గుంటూరులో ఇంటికెవరైనా వస్తే ముందు ఏం పని మీద వచ్చారని అడుగుతారు. ఆమె ఏమీ అడక్కుండా చేతికి మజ్జిగ గ్లాసిచ్చింది. అల్లం, కరివేపాకు దంచి వేసింది. క్షమించమనే మాట అనకుండానే మజ్జిగ తాగాను.

"ఊరోళ్ళ గురించి కాదన్నా," అంది ఆమె, గడప మీద కూర్చుని. "ఊరోళ్ళకి ఇయ్యాల తెలిసింది. రేపట్నుంచి పిల్లనేమీ అనరు. నా సంగతే."

ఆగింది. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ రోజు పొద్దున పోట్లాడుకున్నాం. దేనికో కూడా గుర్తులేదు. ఉప్పుకో, చింతపండుకో. చేలోకి పోతంటే, నువ్వుంటే ఎంత, పోతే ఎంత అన్నా. ఏమీ అనకుండా పంపు తీసుకుని పోయాడు. మధ్యాహ్నానికి మోసుకొచ్చారు. ఇదెవరికీ చెప్పలా. ఊరంతా తాగాడంటే, కాదు కాదని పోట్లాడా గానీ, లోపల నేనూ తాగాడనే అనుకున్నా. నా మాటకే తాగాడని."

ఆ వీధిలో ఎవరో కల్లంలో కాయలు తిరగేస్తున్నారు. గలగలమని చప్పుడు.

"ఇయ్యాల ఆ నోరు చూస్తే ప్రాణం లేచొచ్చింది. కాదేమో, తాగలేదేమో అనిపించింది. మేడమ్ గారిని అడిగితే తెలీదన్నది."

తల పైకెత్తి నా మొహంలోకి చూసింది.

"మీరేమంటారన్నా?"

నేను జన్మలో తడుముకోలేదు. తప్పిపోయిన గేదె ఏ వీధిలో నిలబడి ఏమాలోచిస్తుందో కూడా చెప్పగలను. ఈ ఒక్కటి చెప్పడానికి గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకుని, చేతనైనంత మామూలుగా చెప్పాను.

"తాగలేదమ్మా. ఎండకి నోరెండి, నాజిల్ ఊదుంటాడు, అంతే. నీ మాట గుర్తు కూడా ఉండదు. సాయంత్రం ఇంటికొచ్చి ఏం తిందామా అనుకుంటూ ఉండుంటాడు."

ఆమె కాసేపు నా వైపే చూసింది. కోపం లేదు ఆ చూపులో. జాలి ఉందేమో.

"ఈ మాట మేడమ్ గారు అనుంటే నమ్మేదాన్నన్నా," అంది.

గ్లాసు తీసుకుని, అడుగున మిగిలిన మజ్జిగ మొక్కకు పోసి, లోపలికెళ్ళింది.